సెలైన్ పైపులో గాలి బుడగ.. ప్రాణానికి ముప్పేనా?

సెలైన్ పైపులో చిన్న గాలి బుడగ కనిపిస్తే చాలు.. పేషెంట్ పక్కనున్న వాళ్లకు కంగారు మొదలవుతుంది. నిజానికి చేతి నరం ద్వారా వెళ్లే ఒకటి, రెండు చిన్న బుడగలు ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాల్లో ఆగి, మెల్లగా శ్వాసతో బయటకు పోతాయి. పెద్దవాళ్లకు వీటితో సాధారణంగా హాని ఉండదు.

ఎక్కువ గాలి ఒక్కసారిగా వెళ్తేనే అసలు ప్రమాదం. అది గుండె కుడివైపు చేరి, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లకుండా అడ్డుపడుతుంది. దీన్నే ఎయిర్ ఎంబాలిజం అంటారు. పెద్దవాళ్లలో 200 నుంచి 300 మిల్లీలీటర్ల గాలి ప్రాణాంతకమని అంచనా. గుండె గదుల మధ్య రంధ్రం ఉన్నవాళ్లకు మాత్రం చిన్న బుడగతోనూ ముప్పే. అది నేరుగా మెదడుకు చేరితే స్ట్రోక్ రావచ్చు.

ఎక్కువ జాగ్రత్త పడాల్సింది మెడ దగ్గర పెట్టే సెంట్రల్ లైన్ విషయంలో. పేషెంట్‌ను కూర్చోబెట్టి దాన్ని తీస్తే, ఊపిరి పీల్చగానే ఆ రంధ్రం గుండా గాలి లోపలికి లాగేస్తుంది. అందుకే పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టమని చెప్పి తీస్తారు. వెంటనే గాలి చొరబడకుండా కట్టు వేస్తారు.

లైన్ తీసిన తర్వాత ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి, మాట తడబడటం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయొద్దు. సిబ్బంది పేషెంట్‌ను ఎడమవైపు తిప్పి, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి ఆక్సిజన్ పెడతారు.

పైపులో బుడగ కనిపిస్తే నర్సును పిలవండి. సొంతంగా పైపు మాత్రం ఊడదీయొద్దు.