అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి రూటర్ ఆగిపోయిందా? కంప్యూటర్‌తో మళ్లీ పనిచేయించొచ్చు

రూటర్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయింది. తిరిగొచ్చాక పవర్ లైటు వెలుగుతోంది కానీ ఫోన్‌లో వైఫై పేరు కనిపించదు. వెనక చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ చేసినా మార్పు లేదు. షాపుకు తీసుకెళ్తే 'బోర్డు పోయిందండీ, కొత్తది తీసుకోండి' అంటారు. ఇంట్లో ఆన్‌లైన్ క్లాసులో, ఆఫీసు పనో ఉంటే మరో ఆలోచన లేకుండా వెయ్యో రెండు వేలో పెట్టి కొనేస్తాం. కానీ ఇలాంటి సందర్భాల్లో తరచూ బోర్డుకు ఏమీ కాదు. చెడిపోయేది లోపలి సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్. ఒక కంప్యూటర్, ఒక ల్యాన్ కేబుల్ ఉంటే దాన్ని ఇంట్లోనే మళ్లీ ఎక్కించే వీలుంది.

ముందు ఆ పెట్టె ఎవరిదో చూడండి

సన్నటి ఫైబర్ తీగ నేరుగా వచ్చి దూరే పెట్టె అయితే దాని జోలికి వెళ్లొద్దు. అది ఓఎన్‌టీ. బీఎస్‌ఎన్‌ఎల్, ఏపీ ఫైబర్‌నెట్, ప్రైవేటు కంపెనీలు ఏవైనా సరే, ఆ పెట్టె సీరియల్ నంబర్‌ను తమ నెట్‌వర్క్‌లో నమోదు చేసుకుంటాయి. అందులో వేరే ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే కనెక్షనే తెగిపోవచ్చు. కంపెనీ ఇచ్చిన పెట్టె అయితే కాల్ సెంటర్‌కు ఫిర్యాదు చేసి డాకెట్ నంబర్ తప్పకుండా రాసుకోండి. గడువులోగా పరిష్కారం కాకపోతే అదే కంపెనీలోని అప్పీలేట్ అథారిటీకి వెళ్లడానికి ఆ నంబరే ఆధారం.

మీరు షాపులోనో ఆన్‌లైన్‌లోనో విడిగా కొన్న రూటర్‌కే ఈ పద్ధతి వర్తిస్తుంది. బిల్లు ఉండి వారంటీ మిగిలి ఉంటే ముందు సర్వీస్ సెంటర్‌కు వెళ్లడమే మేలు.

లైట్లు ఏమీ వెలగకపోతే అది ఫర్మ్‌వేర్ సమస్య కాకపోవచ్చు. మొదట అడాప్టర్‌ను అనుమానించాలి. అంతే వోల్టేజీ, అంతే లేదా ఎక్కువ ఆంపియర్లు ఉన్న మరో అడాప్టర్ పెట్టి చూడండి. పిన్ను కూడా సరిపోవాలి.

ఎందుకు బాగవుతుంది?

రూటర్‌లోని మెమొరీ చిప్‌లో ఫర్మ్‌వేర్‌తో పాటు బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రామ్ విడిగా ఉంటుంది. స్విచ్ వేయగానే ముందు నడిచేది అదే. మామూలు అప్‌డేట్ సాధారణంగా ఫర్మ్‌వేర్ భాగాన్ని మాత్రమే చెరిపి రాస్తుంది. మధ్యలో కరెంటు పోతే ఆ భాగం సగంలో ఆగుతుంది కానీ బూట్‌లోడర్ అలాగే ఉంటుంది. కొత్త ఫైలును అడిగి తీసుకునే ఏర్పాటు చాలా కంపెనీలు అందులోనే పెట్టాయి.

ఆ ఏర్పాటు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. డీ-లింక్‌లో చాలా మోడళ్లకు ఇది తేలిక. రీసెట్ బటన్ నొక్కిపట్టి స్విచ్ వేసి, కాసేపటికి వదిలి, కంప్యూటర్ బ్రౌజర్‌లో 192.168.0.1 తెరిస్తే ఫైలు ఎక్కించే చిన్న పేజీ వస్తుంది. ఆసుస్‌లో రీసెట్ నొక్కిపట్టి ఆన్ చేస్తే పవర్ లైటు నెమ్మదిగా మిణుకుతుంది. అప్పుడు ఆ కంపెనీ ఉచితంగా ఇచ్చే ఫర్మ్‌వేర్ రెస్టరేషన్ సాఫ్ట్‌వేర్‌తో ఫైలు పంపాలి.

టీపీ-లింక్ వాడేవారు మన దగ్గర ఎక్కువ, తికమక కూడా ఇక్కడే ఎక్కువ. ఆర్చర్ సిరీస్‌లో చాలా మోడళ్లు రికవరీలోకి వెళ్లగానే 192.168.0.66 అనే చిరునామాలో ఒక కంప్యూటర్ ఉందేమోనని వెతుకుతాయి. ఉంటే, ఫలానా పేరున్న ఫైలు ఇవ్వమని అడుగుతాయి. కొన్ని మోడళ్లకు ఆ చిరునామా 192.168.0.225. చిరునామా గానీ, ఫైలు పేరులో ఒక్క అక్షరం గానీ తేడా వస్తే ఏమీ జరగదు. మన కంట్రోల్ అంతా కంప్యూటర్ వైపే ఉంటుంది, రూటర్ కేవలం అడుగుతుంది.

పని ఇలా సాగుతుంది

రూటర్ అడుగున స్టిక్కర్‌పై మోడల్‌తో పాటు వెర్షన్ కూడా ఉంటుంది. వీ1, వీ2 అని. పేరు ఒకటే అయినా వెర్షన్ మారితే లోపలి చిప్ మారిపోవచ్చు. అందుకే వెర్షన్ చూడకుండా ఫైలు తీసుకోవద్దు. మొబైల్ హాట్‌స్పాట్ పెట్టుకుని, కంపెనీ అధికారిక సైట్ నుంచి ఆ వెర్షన్ ఫర్మ్‌వేర్, ఫైలు పంపడానికి టీఎఫ్‌టీపీడీ64 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ముందే దించుకోవాలి. ఊరూపేరూ లేని సైట్లలో దొరికే ఫైళ్లు వద్దు. కొన్ని మోడళ్లు కంపెనీ ఫైలును యథాతథంగా తీసుకోవు, మొదటి భాగం కత్తిరించి ఇవ్వాలి. రూటర్ అడిగే ఫైలు పేరు, ఈ కత్తిరింపు వివరాలు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వికీలో చాలా మోడళ్లకు విడివిడిగా ఉన్నాయి.

కేబుల్‌ను కంప్యూటర్ నుంచి రూటర్ ల్యాన్ పోర్టుకు పెట్టండి. ఇంటర్నెట్ వచ్చే వ్యాన్ పోర్టుకు కాదు. కంప్యూటర్ వైఫై ఆపేయండి. విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్‌కు వెళ్లి ఐపీ అడ్రస్‌ను 192.168.0.66గా, సబ్‌నెట్ మాస్క్‌ను 255.255.255.0గా పెట్టండి. ఫర్మ్‌వేర్ ఫైలుకు రూటర్ అడిగే పేరు పెట్టి, టీఎఫ్‌టీపీడీ64 చూపించే ఫోల్డర్‌లో ఉంచండి. విండోస్ ఫైర్‌వాల్‌ను కాసేపు ఆపాలి. చాలామందికి పని ఆగిపోయేది ఇక్కడే.

ఇప్పుడు రీసెట్ నొక్కిపట్టి రూటర్ ఆన్ చేయండి. సుమారు పది సెకన్లు పట్టుకోండి. సాఫ్ట్‌వేర్ లాగ్‌లో ఫైలు వెళ్తున్నట్లు వరస కనిపిస్తే పని జరుగుతున్నట్టే. ఫైలు వెళ్లడానికి సెకన్లే పట్టినా, చిప్‌లో రాయడానికి నిమిషాలు పడుతుంది. కనీసం పది నిమిషాలు రూటర్‌ను కదపొద్దు. ఇన్వర్టర్ ఉంటే దాని ప్లగ్గుకే పెట్టండి. అసలు కథ మొదలైంది కరెంటు కోతతోనే కదా.

నాలుగైదుసార్లు ప్రయత్నించినా లాగ్‌లో ఏమీ రాకపోతే, బూట్‌లోడర్ కూడా దెబ్బతిని ఉండొచ్చు. ఆ తర్వాత పెట్టె విప్పి సీరియల్ కేబుల్ కలిపే దారి ఉంది కానీ, సోల్డరింగ్ తెలియనివారికి అది సలహా ఇవ్వలేం.

లైట్లు మామూలుగా వచ్చాయా? సెట్టింగ్స్ అన్నీ చెరిగిపోయి ఉంటాయి. మీ ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పీపీపీవోఈ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ ఉంటే మళ్లీ కొట్టాలి. లేకపోతే కేబుల్ ఆపరేటర్‌ను అడగండి. రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కొత్తది పెట్టండి. ఆపేసిన ఫైర్‌వాల్‌ను ఆన్ చేసి, కంప్యూటర్ ఐపీ అడ్రస్‌ను తిరిగి ఆటోమేటిక్‌కు మార్చండి. లేదంటే మర్నాడు ఆ కేబుల్‌తోనే నెట్ పెట్టుకున్నప్పుడు కంప్యూటర్‌కు రాకపోవచ్చు.