పాత టైల్సు పగలగొట్టినప్పుడు లేచే దుమ్ము: మూడు శతాబ్దాల వైద్య చరిత్ర

గౌతమీ పాయ ఒడ్డున, వీరేశ్వరస్వామి నిత్యకల్యాణాలకు పేరుపొందిన మురమళ్ళలోనూ, చుట్టుపక్కల కోనసీమ గ్రామాలలోనూ పాత స్నానాల గదిని పడగొట్టి కొత్తగా కట్టించుకోవడం నేడు సాధారణమైన పని. నీరు పైపైనే ఉండే నేల కనుక గోడలకు చెమ్మ ఎక్కుతుంది. టైల్సు గుల్లబారి ఊడిపోతాయి. తాపీ మేస్త్రీ సుత్తి, ఉలి, కటింగ్ మిషను పట్టుకుని వస్తాడు. రెండు రోజులు ఇల్లంతా తెల్లని దుమ్ము. "దుమ్మే కదా, కడిగేస్తే పోతుంది" అని మనం సరిపెట్టుకుంటాం. ఆ దుమ్ము గురించి వైద్యులు మూడు వందల ఏళ్ళుగా చెబుతున్నదేమిటో మీ ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఆ గోడలో ఏమున్నదో చూడండి. మన పెద్దల కాలపు ఇళ్ళకు గానుగ సున్నం, నాపరాయి. తరువాత సిమెంటు వచ్చింది. ఆ పైన మెరుగు టైల్సు వచ్చాయి. మురమళ్ళకు దగ్గరలోనే, గౌతమికి ఆవలి ఒడ్డున ఉన్న యానాంలో రీజెన్సీ సిరామిక్స్ కర్మాగారం 2012 జనవరిలో మూతపడేవరకు టైల్సు తయారు చేసింది. టైలులోనూ, దాని వెనుక ఉన్న ఇసుక, సిమెంటు మాలులోనూ స్ఫటిక రూపంలో సిలికా ఉంటుంది. గోడకు అంటి ఉన్నంతకాలం దానితో ప్రమాదం లేదు. మిషను పెట్టి కోసినప్పుడు మాత్రం అది కంటికి కనిపించనంత సన్నని ధూళిగా మారి ఊపిరితిత్తుల చివరి గదుల దాకా చేరుతుంది. అక్కడ మచ్చకట్టి, ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది. ఆ వ్యాధి పేరు సిలికోసిస్. ఒకసారి వచ్చిన మచ్చను తొలగించే మందు నేటికీ లేదు.

ఈ సంగతి కొత్తది కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీనీ 1700లో వృత్తిరోగాలపై ప్రచురించిన గ్రంథంలో రాళ్ళు చెక్కేవారి ఊపిరి బాధలను వివరించాడు. రోగిని అడిగే ప్రశ్నలలో "నీవు చేసే పని ఏమిటి?" అన్నదాన్ని కూడా చేర్చమని వైద్యులకు బోధించినవాడు ఆయనే. 1930-31లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో హాక్స్ నెస్ట్ సొరంగం తవ్వినప్పుడు, నీరు చల్లకుండా పొడి రాతిని తొలచడం వల్ల వందలాది కూలీలు సిలికోసిస్‌తో మరణించారు. వారిలో ఎక్కువమంది నల్లజాతివారు. అక్కడ లోపించినది అరుదైన యంత్రమేమీ కాదు, నీళ్ళు.

రెండవ దుమ్ము ఇంతకంటె మోసకారి. అది ఆస్‌బెస్టాస్ అనే రాతినార. దానిని సిమెంటుతో కలిపి పలుచని పలకలు చేసే పద్ధతిని ఆస్ట్రియా దేశస్థుడు లుడ్విగ్ హాట్‌షెక్ 1900 ప్రాంతంలో కనిపెట్టాడు. మన దేశంలో 1946లో హైదరాబాదులో మొదలైన హైదరాబాద్ ఆస్‌బెస్టాస్ సంస్థ చార్మినార్ రేకుల పేరు ఇంటింటా వినిపించేలా చేసింది. పులివెందుల ప్రాంతపు గనులలో ఈ నార దొరికేది. తాటాకు కప్పు స్థానంలో సిమెంటు రేకు రావడంతో నిప్పు భయం తగ్గింది. పేదవారికి అది నిజంగానే మేలుగా తోచింది. పెరటి స్నానాల గదుల మీద ఆ రేకులు ఇప్పటికీ ఉన్నాయి.

అమెరికాలో స్థిరపడిన మన పిల్లల ఇళ్ళలో పరిస్థితి వేరు. అక్కడ చెక్క చట్రానికి బ్యాకర్ బోర్డు అనే పలక బిగించి, దానిపై టైల్సు అతికిస్తారు. 1980లకు ముందు కట్టిన ఇళ్ళలో ఆ పలకలోనో, జిగురులోనో ఈ నార ఉండే అవకాశం ఉంది. పడగొట్టే ముందు చిన్న ముక్కను ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. కంటితో చూసి తేల్చడం సాధ్యం కాదు.

ఈ నార చేసే హాని కూడా ఎప్పుడో తెలిసినదే. ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో ఆస్‌బెస్టాస్ మిల్లులో పనిచేసిన నెల్లీ కెర్షా 1924లో 33 ఏళ్ళకే మరణించింది. ఆమె ఊపిరితిత్తులను పరీక్షించిన డాక్టర్ కుక్ ఆ వివరాలను అదే ఏడాది ప్రకటించాడు. 1960లో దక్షిణాఫ్రికాలో డాక్టర్ వాగ్నర్, ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సరుకూ ఈ నారకూ గల సంబంధాన్ని చూపాడు. బ్రిటన్ పూర్తి నిషేధం విధించింది మాత్రం 1999లో. తెలియడానికీ ఆపడానికీ మధ్య 75 ఏళ్ళు గడిచాయి. మన దేశంలో తెల్ల ఆస్‌బెస్టాస్ వాడకంపై ఇప్పటికీ పూర్తి నిషేధం లేదు. అయితే 1995 జనవరి 27న సుప్రీంకోర్టు, కార్మికుని ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని తీర్పునిచ్చి, ఆస్‌బెస్టాస్ పనివారి ఆరోగ్య వివరాలను కనీసం 40 ఏళ్ళు భద్రపరచాలని ఆదేశించింది. అన్నేళ్ళు ఎందుకంటే, ఈ వ్యాధులు బయటపడడానికి దశాబ్దాలు పడుతుంది.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. జీవితంలో ఒకటి రెండుసార్లు స్నానాల గది పడగొట్టించే ఇంటి యజమానికి ముప్పు స్వల్పం. నెలకు పది గదులు పడగొట్టే మేస్త్రీకీ, పెళ్ళలు మోసే కూలీకీ అది స్వల్పం కాదు. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సులభంగా సోకుతుంది. చాలామందికి దగ్గు, ఆయాసం చూసి క్షయ మందులే ఇస్తారు, అసలు కారణం తెలియకుండా పోతుంది. పేరుకు ఇది చట్టప్రకారం ప్రకటించవలసిన వ్యాధి. మన గదిలో పనిచేసే మేస్త్రీ ఏ ఫ్యాక్టరీ పట్టీలోనూ ఉండడు.

కనుక పని మొదలుపెట్టే ముందు ఈ జాగ్రత్తలు పాటించండి. గోడను బాగా తడిపి పగలగొట్టించండి. విద్యుత్ మిషను వాడేచోట తడి ప్రాణాంతకం కాగలదు కనుక నీటి అమరిక ఉన్న మిషనునే, ఈఎల్‌సీబీ ఉన్న లైనుపైనే వాడనివ్వండి. ముక్కుకు రుమాలు చాలదు, పనివారికి ఎన్95 మాస్కులు మీరే కొనివ్వండి. పొడి చీపురుతో ఊడ్వనీయక, తడిగుడ్డతో తుడిపించండి. పసిపిల్లలను, ఉబ్బసం ఉన్నవారిని వేరే ఇంట ఉంచండి. పాత సిమెంటు రేకులను కోయవద్దు, విరగ్గొట్టవద్దు. తడిపి, బోల్టులు విప్పి, రేకును నిండుగా దింపించండి. ఆ ముక్కలను దారి గుంతలలో పోయించకండి.

మేస్త్రీకి చాలాకాలంగా దగ్గు ఉంటే ఛాతీ ఎక్స్‌రే తీయించుకోమనండి. తాను చేసే పని ఏమిటో వైద్యునికి తప్పక చెప్పమనండి. రామజ్జీనీ అడగమన్న ప్రశ్నకు జవాబు అప్పుడైనా వైద్యుని చెవిన పడుతుంది.