ఫిసల్‌బండలో మొదలైన లెక్క

ఏఐ లెక్కల్ని ఒకే పెద్ద డేటా సెంటర్‌లో కాకుండా నలుగురికీ పంచాలి అంటున్నారు కదా. ఈ ఐడియా కొత్తదేం కాదు. పాతబస్తీలో ఫిసల్‌బండకి పోదాం, 1901కి.

నవాబ్ జఫర్ జంగ్ అక్కడ సొంత డబ్బుతో అబ్జర్వేటరీ పెట్టాడు. 1907లో చనిపోయాడు. ఇప్పటి స్టార్టప్ అయితే అక్కడితో క్లోజ్! కానీ నిజాం సర్కారు 1908లో దాన్ని తీసుకుంది, తర్వాత బేగంపేటకి మార్చింది.

అప్పటికి పెద్ద పనొకటి నడుస్తోంది. 1887లో పారిస్‌లో కూర్చుని, ఆకాశాన్ని ముక్కలు చేసి దేశదేశాల అబ్జర్వేటరీలకు పంచారు. ఎవరి ముక్కని వాళ్లే ఫొటో తీసి, చుక్కల స్థానాలు లెక్కగట్టాలి. మెయిన్ సర్వర్ లేదు బాస్. చిలీలోని శాంటియాగో తన వాటా చెయ్యలేకపోయింది. మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల దాకా ఉన్న ఆ ముక్క మనకొచ్చింది. ప్లేట్ మీద ఒక్కో చుక్కనీ మనిషే కొలవాలి. పాకాక్ తర్వాత 1918 నుంచి టి.పి. భాస్కరన్ నడిపించాడు. ఏళ్లకేళ్లు పట్టింది, జీతాలు మాత్రం ఆగలేదు. సంపుటాలు అచ్చయ్యాయి.

2024లో కేంద్రం ఇండియాఏఐ మిషన్‌కి ఐదేళ్లకుగాను రూ.10,300 కోట్లకు పైగా ఒప్పుకుంది. ఎన్ని జీపీయూలని అందరూ అడుగుతున్నారు. నేనడిగేది వేరు: తక్కువ కరెంటుతో నడిచే మోడల్స్ మీద చిన్న ల్యాబుల్లో పనిచేసేవాళ్లకి, ఆరో ఏడు జీతం ఎవరిస్తారు?