పక్షవాతం వచ్చిన ఇంటికి ఇరుగుపొరుగు చేసిన వైద్యం



పక్షవాతాన్ని గురించి మా వైద్యులు చెప్పే మాటలు సాధారణంగా రెండు చోట్ల ఆగిపోతాయి. జబ్బు రాకుండా రక్తపోటును, మధుమేహాన్ని అదుపులో ఉంచుకొమ్మంటాము. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చమంటాము. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి కనుక. రెండూ అవసరమైన మాటలే. అయితే రోగిని ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టిన సాయంత్రం నుంచి ఆ ఇంట్లో మరొక కథ మొదలవుతుంది. దానిని గురించి మేము చెప్పింది తక్కువ. నేను చెప్పింది మరీ తక్కువ.

1980వ దశకంలో నేనొక తాలూకా ఆసుపత్రిలో పనిచేస్తున్నప్పుడు, నలభై ఐదేళ్ళ గృహిణి ఒకామె కుడి కాలూ చెయ్యీ పడిపోయి, మాట పోయిన స్థితిలో వచ్చింది. అప్పటికే ఊళ్ళో ఎవరో చెప్పగా పావురం రక్తం పూయించి రెండు రోజులు పోగొట్టుకున్నారు. ప్రాణం నిలిచింది. పన్నెండవ రోజున ఇంటికి పంపుతూ, "బాగా చూసుకోండి" అని ఆమె భర్తతో చెప్పాను. ఆయన తల ఊపాడు. ఎవరు చూసుకుంటారు అని నేను అడగలేదు. ఏడాదిన్నర తరువాత పదహారేళ్ళ ఆడపిల్ల ఒకతె నడుము నొప్పితో నా గదిలోకి వచ్చింది. "మా అమ్మను లేపీ దించీ నడుము పట్టేసింది డాక్టరు గారూ" అన్నది. ఆ ఇంటి పెద్దమ్మాయే. పదవ తరగతి పరీక్షలు రాయలేదట. నొప్పి మాత్రలు రాసి పంపాను. అంతకుమించి చేయవలసినది ఉన్నదని నాకప్పుడు తోచలేదు.

చాలా ఏళ్ళ తరువాత, ఒక ఇంగ్లీషు కుటుంబం చరిత్ర చదువుతున్నప్పుడు ఆ పిల్ల ముఖం మళ్ళీ గుర్తుకు వచ్చింది. ఆ చరిత్రనే ఈనాడు మీతో పంచుకోదలిచాను.

మీ పిల్లలో, మనుమలో 'చార్లీ అండ్ ద చాకొలెట్ ఫ్యాక్టరీ' చదివే ఉంటారు. ఆ పుస్తకం రాసిన రోల్డ్ డాల్ భార్య పేరు ప్యాట్రీషియా నీల్. ఆమె అమెరికన్ సినిమా నటి. 'హడ్' అనే చిత్రానికి 1964లో ఉత్తమ నటిగా ఆస్కార్ పురస్కారం అందుకున్నది. ఆ దంపతులు కష్టాలకు కొత్తవారు కారు. 1960లో న్యూయార్కు వీధిలో నాలుగు నెలల కొడుకు థియో ఉన్న తోపుడు బండిని టాక్సీ గుద్దింది. పిల్లవాడి తలలో నీరు చేరింది. 1962లో ఏడేళ్ళ పెద్దమ్మాయి ఒలీవియా తట్టు సోకి, మెదడువాపుతో కన్నుమూసింది. (తట్టు టీకా అప్పటికి బ్రిటన్‌లో లేదు. ఇప్పుడు ఊరూరా ఉచితంగా దొరుకుతుండగా వేయించని తల్లిదండ్రులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలని నా మనవి.)

1965 ఫిబ్రవరి 17న, లాస్ ఏంజెలెస్‌లో ఒక సినిమా చిత్రీకరణకు వచ్చి ఉన్న నీల్, సాయంత్రం తన కూతురు టెస్సాకు స్నానం చేయిస్తుండగా భరించరాని తలనొప్పితో కూలిపోయింది. మెదడులోని రక్తనాళం ఒకటి బుడగవలె ఉబ్బి, పగిలింది. ఆమె వయస్సు 39. మూడు నెలల గర్భవతి. డాల్ తనకు పరిచయమున్న మెదడు శస్త్రవైద్యునికి నేరుగా ఫోను చేశాడు. అంబులెన్సు వెంటనే వచ్చింది. ఏడు గంటల పాటు శస్త్రచికిత్స జరిగింది. మూడు వారాలు ఆమెకు స్పృహ లేదు. ఒక సినిమా పత్రిక ఆమె చనిపోయినట్లు వార్త కూడా ప్రచురించింది.

స్పృహ వచ్చేసరికి కుడివైపు పడిపోయి ఉన్నది. చూపు దెబ్బతిన్నది. మాట పోయింది. పోయిందంటే నాలుక కదలక కాదు; మెదడు ఎడమ భాగంలో మాటలను వెదికి తెచ్చే చోటు దెబ్బతినడం వల్ల. 1861లో పారిస్ వైద్యుడు పాల్ బ్రోకా, 'టాన్' అనే ఒక్క శబ్దం తప్ప పలకలేని రోగి మెదడును అతని మరణానంతరం పరీక్షించి ఈ సంగతిని లోకానికి చూపించాడు. ఇటువంటి రోగికి తెలివి ఉంటుంది, అభిమానం ఉంటుంది, మాట మాత్రం చేతికి అందదు. దీనినే అఫేసియా అంటారు. మన ఇళ్ళలో 'మతి పోయింది' అనేస్తారు. ఎదురుగా కూర్చున్న మనిషికి ఆ మాట వినిపిస్తూనే ఉంటుంది.

ఇంట్లో ముగ్గురు పిల్లలు. టెస్సాకు ఏడేళ్ళు, థియోకు నాలుగు, చిన్నది ఒఫీలియాకు తొమ్మిది నెలలు. మే నెలలో అందరూ ఇంగ్లండులోని గ్రేట్ మిస్సెన్‌డెన్ అనే చిన్న ఊరిలో ఉన్న తమ ఇంటికి చేరారు. ఆగస్టులో లూసీ అనే ఆడశిశువు ఆరోగ్యంగా పుట్టింది. దగ్గరలోని వైమానిక దళం ఆసుపత్రిలో కాలికీ చేతికీ వ్యాయామాలు చేయించేవారు. మాటకు మాత్రం ఆనాటి పద్ధతిలో దొరికే శిక్షణ బహు స్వల్పం. అది తీసివేయగా మిగిలిన రోజంతా రోగి ఏమి చేయాలి? గోడ చూస్తూ కూర్చోవాలి. నీల్ అలాగే కూర్చున్నది. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు మూడోవంతు మంది దిగులు జబ్బులో పడతారని ఇప్పుడు మనకు తెలుసు. ఆనాడు దానికి పేరు పెట్టి పట్టించుకున్నవారు తక్కువ.

ఇక్కడే డాల్ చేసిన పని వైద్యచరిత్రలో నిలిచింది. అతడు కొత్త మందు కనిపెట్టలేదు. ఒక కాగితం మీద గంటలు వేసి, వాటికెదురుగా ఇరుగుపొరుగువారి పేర్లు రాశాడు. ఒక్కొక్కరు ఒక గంట వస్తారు. వారిలో వైద్యం తెలిసినవారు ఉండవలసిన పనిలేదు. చదివించడం, లెక్కలు చేయించడం, బొమ్మ చూపి పేరు అడగడం, పేకాడించడం వారి వంతు. ఇలా రోజుకు ఐదారు గంటలు. ఒకరు లేచి వెళుతుంటే మరొకరు వచ్చేవారు. ఏ ఒక్కరూ అలసిపోరు; రోగి ఒంటరిగా ఉండదు; ఇంటివాళ్ళకు ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది.

డాల్ కఠినుడన్న మాట దాచకూడదు. పేరు పలికితే తప్ప ఆమె అడిగిన వస్తువు ఇవ్వనిచ్చేవాడు కాడు. నీల్ 1988లో తన ఆత్మకథలో భర్త పట్ల కృతజ్ఞతనూ ఆగ్రహాన్నీ రెండింటినీ రాసుకున్నది. మంచినీళ్ళ గ్లాసు ఎత్తి పట్టుకొని "నీళ్ళు అను, ఇస్తాను" అనే కొడుకులను నేను మన ఇళ్ళలోనూ చూశాను. ప్రేమతోనే చేస్తారు, సందేహం లేదు. కాని ఆ క్షణంలో తల్లి కళ్ళలోకి చూడండి, మీకే తెలుస్తుంది. నీల్ కోలుకున్నది ఆ కాఠిన్యం వల్లనని చెప్పేవారున్నారు, నేను ఒప్పుకోను. ఆమెను లేపి నిలబెట్టింది రోజంతా నిండిన ఆ గంటల పట్టిక, దానితో పాటు వాలరీ ఈటన్ గ్రిఫిత్ అనే ఆ ఊరి స్త్రీ.

గ్రిఫిత్ వైద్యురాలు కాదు, ఉపాధ్యాయురాలు కూడా కాదు. సౌందర్య సాధనాల సంస్థలో ఉద్యోగం చేసి, తన అనారోగ్యం వల్ల మానుకొని, తండ్రితో కలిసి ఉంటున్నది. తనకు తెలియని పని కనుక ఆమె రోగినే గమనిస్తూ నేర్చుకున్నది. పిల్లల పాఠాలు పెట్టి పెద్ద మనిషిని చిన్నబుచ్చరాదని గ్రహించింది. ఆటలు, పదక్రీడలు, వంట ముచ్చట్లు, నటన కబుర్లు, అంటే ఆ మనిషికి లోగడ ఇష్టమైనవే పాఠాలుగా మార్చింది. 1967 మార్చిలో న్యూయార్కులో మెదడు దెబ్బతిన్న పిల్లల సహాయార్థం జరిగిన సభలో నీల్ ప్రసంగించింది. ఆ ప్రసంగాన్ని రాసి, రోజుల తరబడి సాధన చేయించింది గ్రిఫిత్. మరుసటి ఏడాది విడుదలైన 'ద సబ్జెక్ట్ వాజ్ రోజెస్' చిత్రంలోని నటనకు నీల్‌కు మళ్ళీ ఆస్కార్ ప్రతిపాదన లభించింది.

అందరూ ఇంతగా కోలుకోరు. ఆమెది చిన్న వయస్సు, చేతిలో డబ్బు, ఇంట్లో పనివాళ్ళు, ప్రపంచమంతా తెలిసిన పేరు. ఈ తేడా చెప్పకుండా ఆమె కథ చెప్పడం రోగుల కుటుంబాలకు అన్యాయం చేయడమే.

నాకు ముఖ్యంగా తోచేది ఆ తరువాతి సంగతి. గ్రిఫిత్ అంతటితో ఆగలేదు. 'ద వైట్ నైల్' రచయిత అలన్ మూర్‌హెడ్‌కు పక్షవాతంతో మాట పోయినప్పుడు ఆయనకూ సహాయపడింది. తన అనుభవాన్ని 1970లో 'ఎ స్ట్రోక్ ఇన్ ద ఫ్యామిలీ' అనే పుస్తకంగా రాసింది. పేరు గమనించండి: రోగికి వచ్చిన పక్షవాతం అనలేదు, కుటుంబానికి వచ్చినది అన్నది. 1973లో చెస్ట్, హార్ట్ అండ్ స్ట్రోక్ అసోసియేషన్ అండతో వాలంటీర్ స్ట్రోక్ స్కీమ్ మొదలయింది. మాట పోయినవారి ఇళ్ళకు స్వచ్ఛంద సేవకులు వెళ్ళడం, వారానికొకసారి అందరినీ ఒకచోట చేర్చడం దాని పని. ఆ సంస్థ పందొమ్మిదవ శతాబ్దం చివర క్షయ నివారణ కోసం పుట్టినది. క్షయ తగ్గుముఖం పట్టాక ఛాతీ, గుండె, పక్షవాతాల వైపు తిరిగి, చివరకు స్ట్రోక్ అసోసియేషన్‌గా మిగిలింది. నా ఉద్యోగంలో సగం కాలం క్షయ రోగులతో గడిపినవాడిని గనుక ఈ మార్పు నాకు ప్రత్యేకంగా నచ్చింది.

డాల్ పట్టికలో ఒక లోటు ఉన్నది. అందులో పిల్లల కోసం గంట లేదు. తల్లి కూలిపోవడం కళ్ళారా చూసిన ఏడేళ్ళ టెస్సా పెద్దయ్యాక, 1988లో, తన బాల్యం ఛాయలున్న నవల ఒకటి ప్రచురించింది. ఆ ఇంటి మీద పడిన భారం దానిలో కనిపిస్తుంది. డాల్, నీల్ దంపతులు 1983లో విడిపోయారు. దానికి కారణాలు అనేకం. పక్షవాతమే కారణమని నేననను. దాని పాత్ర లేదని కూడా అనలేను.

మన దగ్గర మాటకు శిక్షణ ఇచ్చే నిపుణులు పట్టణాలు దాటితే అరుదు. ఉన్నచోట తప్పక వెళ్ళండి. ఇరుగుపొరుగు ఆ నిపుణునికి బదులు కాదు. సహాయానికి వచ్చేవారు కొన్ని సంగతులు ముందే నేర్చుకోవాలి. రోగి సరిగా మింగగలడని వైద్యుడు చెప్పకముందు నోట్లో నీళ్ళు పోయరాదు, ఊపిరితిత్తులలోకి పోతాయి. పడిపోయిన చేతిని పట్టి లాగి లేపరాదు. భుజం కీలు జారుతుంది. కదలలేనివారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. మాట కోసం వెదుకుతుంటే మనం తొందరపడి అందించక ఆగాలి, చెవిటివారితో అరిచినట్లు అరవరాదు. చూడవచ్చిన బంధువుల ముందు "నేనెవరో చెప్పు చూద్దాం" అనే పరీక్షలు బొత్తిగా కూడదు.

వచ్చిన పొరుగువారు రోగి దగ్గరే కూర్చోవాలనీ లేదు. ఆ గంట ఇంటి పిల్లవాడికి లెక్కలు చెప్పినా, రేషను తెచ్చిపెట్టినా, రాత్రంతా మేలుకున్న కోడలిని నిద్రపొమ్మని తలుపు వేసినా సరిపోతుంది.

మా వీధిలో నాలుగో ఇంటి పెద్దాయనకు కిందటి ఏడాది పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట పోయాయి. కూతురు ఒక్కతే దగ్గర ఉన్నది. ఉద్యోగానికి సెలవు పెట్టింది. వారి వంటగది తలుపుకు ఇప్పుడొక కాగితం అంటించి ఉన్నది. అందులో ఆరు పేర్లు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఆ అమ్మాయి పడుకుంటుంది. ఐదు నుంచి ఆరు వరకు నా వంతు. మేమిద్దరం అష్టాచమ్మా ఆడతాము. మాట రానివారికి కూడా వరుసగా లెక్కపెట్టే అంకెలు ఒక్కొక్కసారి వాటంతటవే వస్తాయి. మొదటి నెల ఆయన గవ్వలు వేసి ఊరకే చూసేవారు. తరువాత ఒకటి, రెండు అని గడులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మొన్న బుధవారం నాడు, పంటకు ఒక్క గడి దూరంలో ఉన్న నా కాయను చంపి, ఎడమ చేత్తో దాన్ని పక్కకు నెట్టి, స్పష్టంగా "పో" అన్నారు. లోపల పడుకున్న కూతురు లేచి వచ్చింది.