విల్లువీణ వాయించినవారు

తుగ్గలి ప్రాంతమున ఎఱ్ఱగుడి శిలలపై అశోకుని శాసనములు కలవు. క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దినాటి ఆ వ్రాతలో ఒక వాద్యము పేరు వినవచ్చును. అది భేరి. రజ్జుకులను అధికారులు భేరి మ్రోగించి జనపదములకు రాజాజ్ఞ తెలుపవలెనని అందున్నది. చాటింపునకు భేరి సరే. నాట్యశాలలలో మ్రోగిన తంత్రీవాద్యమేది? దానిని వాయించుటయే జీవనోపాధిగా గలవారెవరు?

అమరావతి శిల్పములు ఇందుకు కొంత సమాధానము చెప్పుచున్నవి. క్రీ.శ. 2వ శతాబ్ది ప్రాంతపు ఆ ఫలకములపై స్త్రీలు బృందముగా చేరి, మద్దెలలు వేణువుల నడుమ, వంగిన విల్లువంటి వాద్యమును మీటుచుందురు. పాశ్చాత్యుల హార్ప్ ఈ జాతిదే. దీనికి మెట్లు లేవు, తీగకొక స్వరము. సముద్రగుప్తుని నాణెములపై ఆయన ఒడిలో కనబడు వీణయు నిదియే.

భరతుడు 7 తంత్రుల చిత్రవీణను వ్రేళ్లతోను, 9 తంత్రుల విపంచిని కోణముతోను వాయింపుమనెను. వాద్యబృందమునకు నాట్యశాస్త్రమున కుతపమని పేరు. గాయకుని చెంత వైపంచికునకు, వైణికునకు, వేణువాదకునకు అందు స్థానములు నిర్ణీతములు. ఇక జీతపుమాట కౌటిల్యుడు చెప్పినాడు: ఆటపాటలవారైన కుశీలవులకు 250 పణములు, గణికలకు వీణ మున్నగు విద్యలు గఱపు గురువులకు రాజాదాయమునుండి జీవనము. కనుక ఇది వేడుక మాత్రమే కాదు, వృత్తి.

కాలక్రమమున విల్లువీణ మనదేశమున మాసిపోయినది. తమిళుల యాళ్ కూడ అట్లే అంతరించినది. బర్మాలో మాత్రము సౌంగ్ అను పేర దాని జాతి నేటికిని బ్రదికియున్నది. మెట్టుపై తీగను లాగి గమకము పలికించుట మన సంగీతమునకు ప్రాణమైనపుడు, తీగకొక స్వరము పలుకు వాద్యము వెనుకబడుట సహజము. వాద్యము పోయినను వీణ యను పేరు పోలేదు. అది మెట్లవాద్యమునకు సంక్రమించినది.

వృత్తియు పోలేదు. 1952లో ఢిల్లీ ఆకాశవాణిలో జాతీయ వాద్యబృందమేర్పడినది. తరువాతి కాలమున ద్రాక్షారామమున జన్మించిన వైణికుడు ఈమని శంకరశాస్త్రిగారు దానికి నిర్దేశకులై స్వరరచనలు చేసిరి. కుతపమున వైణికుని పీఠము మరల నిండినది.

అయితే ఒక వెలితి మిగిలియున్నది. అమరావతి ఫలకములపై దానమిచ్చినవారి పేర్లున్నవి. వాయించినవారి పేర్లు లేవు. ఆ లోపమును శిల్పి కిక దిద్దరాదు, మేము దిద్దవచ్చును. వాద్యబృంద కార్యక్రమమునకు నిర్దేశకుని పేరు చెప్పి ఊరకొనుట చాలదు; తీగ మీటిన ప్రతివారి పేరును శ్రోతల చెవినబడవలెనని మా అభిప్రాయము.