ఈఎండీఆర్: కళ్ల కదలికపై తెగని వాదం

బాధించిన ఘటనను తలచుకుంటూ, చికిత్సకుని వేలి వెంట కళ్లను అటూ ఇటూ కదపడం ఈఎండీఆర్ పద్ధతి. అమెరికాలో ఫ్రాన్సీన్ షపీరో దీన్ని రూపొందించి, 22 మందిపై జరిపిన తొలి అధ్యయనాన్ని 1989లో ప్రచురించారు. ఒక్క విడతలోనే ఉపశమనమన్న ఆ ఫలితాలను పలువురు శంకించారు. మేలు చేసేది కళ్ల కదలికా, జ్ఞాపకాన్ని ఎదుర్కోవడమా అన్నదే అసలు వివాదం. కదలిక అనవసరమని 2001లో డేవిడ్‌సన్, పార్కర్‌ల విశ్లేషణ తేల్చింది. దానికి అదనపు ప్రభావం ఉందని 2013లో లీ, కైపర్స్ సమీక్ష చెప్పింది. కదలికపై ధ్యాస మళ్లడంతో జ్ఞాపకపు తీవ్రత తగ్గుతుందని ఒక వివరణ. 2013లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ, బాధాకర ఘటన తర్వాత వేధించే మానసిక రుగ్మత అయిన పీటీఎస్‌డీకి సిఫారసు చేసిన చికిత్సల్లో ఈఎండీఆర్‌నూ చేర్చింది. ఫలితానికి ఆధారాలు బలపడ్డాయి. కారణంపై వాదన మాత్రం తీరలేదు.