ఆకాశం నుంచి పాఠం, అరక్కోణంలో మేము



పోయిన ఆదివారం లిపి తరగతి అయిపోయాక ఇంజనీరింగ్ చదివే ఒక అమ్మాయి ఫోను తెచ్చి చూపించింది. "తాతా, ఈ పాఠం తెలుగులో కూడా ఉందంట. నాకు అక్షరాలు కూడబలుక్కోడానికే అరగంట పడుతుంది, మీరు చదివి చెప్పండి" అని అడిగింది. చూస్తే అది ఎన్‌పీటెల్ పాఠానికి తెలుగు అనువాదం. మేము నలుగురం పెద్దవాళ్లం కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాం. రెండో వాక్యంలోనే ఆగిపోయాం. ఆ సంగతికి ముందు కొంచెం వెనక్కి పోవాలి.

మా తరం రైల్వేలో చేరినప్పుడు కాలేజీ మెట్టెక్కినవాళ్లు తక్కువ. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. డిగ్రీ కావాలంటే పోస్టులో వచ్చే పాఠాలే దిక్కు. ఆ కట్టలు మా రైళ్లలోనే, ఆర్.ఎం.ఎస్. పెట్టెలోనే వచ్చేవి. రాత్రి డ్యూటీలో బండికీ బండికీ మధ్య తమిళంలో చదువుకుని బి.ఏ. గట్టెక్కినవాళ్లు మాలో ఉన్నారు. 1982లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో అదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పుడది అంబేడ్కర్ పేరుతో ఉంది. తెలుగులో పుస్తకాలు, రేడియోలో పాఠాలు. వినడానికి సంతోషంగా ఉండేది. కాని దాని కేంద్రాలు ఆ రాష్ట్రంలో, మేము ఈ రాష్ట్రంలో.

తర్వాత టీవీ వచ్చింది. 1984 ఆగస్టు 15న యూజీసీ దూరదర్శన్‌లో 'కంట్రీవైడ్ క్లాస్‌రూమ్' మొదలుపెట్టింది. ఇన్సాట్-1బి ఉపగ్రహం ద్వారా దేశమంతా కాలేజీ పాఠాలు. పెద్ద నగరాల్లో ఉండే మంచి అధ్యాపకుడు చిన్న ఊరి కాలేజీ పిల్లవాడికి కూడా కనబడాలన్నది దాని ఉద్దేశం. ఆ కార్యక్రమాలు తయారుచేయడానికి పుణె, అహ్మదాబాద్, హైదరాబాద్ లాంటి చోట్ల కేంద్రాలు పెట్టారు. మొదట్లో విదేశాల్లో తీసినవి చాలా ఉండేవి. అరక్కోణంలో మేము రైల్వే ఇన్‌స్టిట్యూట్ టీవీ ముందు కూర్చునేవాళ్లం. మేడ మీద పొడుగు ఇనుప గొట్టానికి యాంటెన్నా, గాలి వీస్తే ఒకరు పైకెక్కి తిప్పాలి. మధ్యాహ్నం క్యారం ఆడేవాళ్లు "ఏమయ్యా, సినిమా లేదా?" అని విసుక్కునేవాళ్లు. అగ్నిపర్వతం ఎలా పేలుతుందో, గుండె ఎలా కొట్టుకుంటుందో బొమ్మల్లో చూశాం. బొమ్మ అర్థమైంది, మాట అర్థం కాలేదు. అంతా ఇంగ్లీషు. కొన్నేళ్లకు హిందీ కూడా కలిసింది, మాకు దానివల్ల లాభం లేదు.

ఇప్పటికీ మా ఫిర్యాదు అదే. యంత్రాలు మారుతూ వచ్చాయి, ఆ గడప మాత్రం మారలేదు. 2004 సెప్టెంబరు 20న చదువు కోసమే తయారుచేసిన ఎడ్యుశాట్ మన నెల్లూరు వైపు శ్రీహరికోట నుంచి ఎగిరింది. తొలి ప్రయోగాల్లో కర్ణాటకలోని విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం కాలేజీలు చేరాయి. విద్యార్థి తన క్లాసులో కూర్చునే దూరాన ఉన్న గురువును ప్రశ్న అడగగలిగాడు. అది చిన్న మార్పు కాదు. 1984లో మాకు సందేహం వస్తే టీవీని అడగలేం కదా.

దానికి ముందే, 2003లో, ఏడు ఐఐటీలూ బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి ఎన్‌పీటెల్ మొదలుపెట్టాయి. 2017లో స్వయం, దానితోపాటు 32 ఛానళ్ల స్వయం ప్రభ వచ్చాయి. కరోనా రోజుల్లో మన ఇళ్లలో ఒకే ఫోను కోసం అన్నాచెల్లెళ్లు ఎలా వాదులాడుకున్నారో మీకే తెలుసు, రాయక్కర్లేదు.

ఇప్పుడు అనువాదాలు వచ్చాయి. 2022లో కేంద్రం భాషిణి అనే ఏర్పాటు మొదలుపెట్టింది. ఒక భాషలో మాట్లాడింది ఇంకో భాషలో వినబడేలా చేసే పరిశోధన మద్రాసు ఐఐటీలోనూ జరుగుతోంది.

ఇక మేము ఆగిపోయిన రెండో వాక్యం. అందులో 'త్వరణం' అని ఉంది. మాకు లిపి వచ్చు, మాట రాదు. తమిళ మాధ్యమంలో మేము చదివింది 'ముడుక్కం'. ఆ అమ్మాయి వెంటనే "ఆక్సిలరేషనా?" అంది. ఆమెకు మాట తెలుసు, లిపి రాదు. ముగ్గురు కలిస్తే గాని ఒక వాక్యం పూర్తికాలేదు! మన తెలుగులో పొలానికి, వంటకు, పెళ్లికి కావలసిన మాటలన్నీ ఉన్నాయి. కాలేజీ మాటలు సరిహద్దుకు అవతల తయారయ్యాయి, ఇక్కడికి ఎవరూ తేలేదు. మూడు తరాలుగా మన భాష చెవిలోనే బతికింది. అందుకే కాగితం మీది అనువాదం మన పిల్లలకు సగమే పనికొస్తుంది. వినబడే తెలుగు పాఠం వస్తే వాళ్లకు అందుతుంది. విజయవాడ పిల్లవాడికి కంటే మన పిల్లలకే దాని అవసరం ఎక్కువ అని మా అభిప్రాయం. హోసూరు, బరంపురం, యానాం సభ్యులు మీ పిల్లల సంగతి రాయండి.

వచ్చే ఆదివారం లిపి తరగతిలో అదే పాఠం పెడుతున్నాం. ఒక పలకలో మూడు గళ్లు గీశాం: తెలుగు మాట, తమిళ మాట, ఇంగ్లీషు మాట. మొదటి వరుస నిండింది. పదింటికి రండి, కాఫీ ఉంటుంది.